తుమ్మ గూటాలు, అత్త సీకులు

1981 ఫిబ్రవరి 3, మంగళవారం. ఆదోని

సిమెంటు అంగడాయన కొత్త సంవత్సరానికి ఇచ్చిన డైరీ ఇది. ఇంట్లో దీన్ని సదివేవాళ్ళు లేరు. అత్తకు అక్షరం రాదు, ఆయనకు సంతకం వస్తాది, అంతే. ఎనిమిదో తరగతి దాకా సదివినందుకు ఇన్నాళ్ళకు ఒక లాభం కనపడింది. ఏమైనా రాసుకోవచ్చు. మొగుని పేరు గూడా రాయచ్చు. మున్వర్. మున్వర్. మున్వర్.

నిన్న ఆయన గోడకు కట్టిన కట్టెల సారువ మీదనుంచి పడినాడు. కట్టె జారింది. నేను గోడకు పెట్టే మాలు గంప నెత్తిన పెట్టుకొని కిందనే ఉండాను. కుడిచెయ్యి మణికట్టు కాడ విరిగింది. కట్లు కట్టే ముసలాయప్ప వెదురు దబ్బలు పెట్టి, గుడ్డు సొన పూసి, గుడ్డ బిగించి చుట్టినాడు. "ఎముక అతుక్కుంటాది. పట్టు ఎంత మిగులుతాదో అప్పుడు సూద్దాం" అన్నాడు. గోడలు కట్టే బేల్దారి పనోనికి కుడిచేతి పట్టు పోతే ఇంకేముంటాది. ఆయన ఆ మాట విన్నాక మళ్ళీ నోరు తెరవలే.

వచ్చే బుధవారమే ఎమ్మిగనూరులో నేతపనాయన భీమప్ప కొత్త మగ్గాల ఇంటికి పునాది ముగ్గు. ఇన్నేండ్లు ఎవురో ఒక మేస్త్రీ కింద చేసినాడు. సొంతంగా ఒప్పుకున్న మొదటి పని ఇదే.

ఫిబ్రవరి 4

గోడ తట్టు తిరిగి పండుకున్నాడు. తినలే.

ఫిబ్రవరి 5

అదే గోడ. అత్త రొట్టె తుంచి నోట్లో పెడితే మింగినాడు. నేను పెడితే మొగం తిప్పుకున్నాడు.

ఫిబ్రవరి 6

భీమప్ప వచ్చినాడు. నూలు పనిమీద ఆదోనికి వచ్చి, సంగతి తెలిసి ఇంటికొచ్చినాడు. పెద్దమనిషి. మంచం కాడ కూర్చొని ఆయన కాలు మీద చెయ్యేసి, "సాబూ, ఏమనుకోవద్దు. ముహూర్తం దాటిపోతే మళ్ళా వానల ముందర ఇల్లు లేవదు. మగ్గాలు బయట పడేసుకోను కాదు కదా. ఇంకో మేస్త్రీని సూసుకుంటా" అన్నాడు.

ఆయన గోడ తట్టే సూస్తాండాడు.

"గూటాలు కొట్టి దారం మేము వేస్తాం అన్నా. రాయి పెట్టేకి రాతిపని బసన్న ఎట్లాగూ ఒప్పుకున్నాడు కదా."

ఎవురు అన్నారా అని అందరూ సూసినారు. నేనే. అత్త చేతిలో గంటె కింద పడింది. "నేను" అనలే, "మేము" అన్నాను. ధైర్యం ఆడికే వచ్చింది.

భీమప్ప నన్ను కిందనుంచి మీది దాకా సూసి, "బుధవారం పొద్దున్నే రాండి" అన్నాడు.

అత్త పొద్దుగూకేదాకా నాతో మాట్లాడలే. మాట్లాడినాక ఒకటే మాట: "మాలు మోసేదానికి మేస్త్రీతనం ఏంటికే?"

అత్తకు తెలీదు. మాలు మోసేవాళ్ళకు నిలబడే తీరిక ఉంటాది. గంప దించి, మళ్ళా ఎత్తుకునే లోపల, పెండ్లయినప్పటి నుంచి నేను సూసింది ఒక్కటే, ఆయన దారం ఎట్ల వేస్తాడా అని.

ఏమైనా ఇది ఆయన చెయ్యి బాగయ్యేదాకనే.

ఫిబ్రవరి 8, ఆదివారం

గూటాలు ఇంతకుముందు మేస్త్రీవి. మావి అంటూ లేవు. కట్టెల డిపోలో పెట్టెచెక్క ముక్కలు ఇచ్చినారు. తెల్లగా, నున్నగా, సొగసుగా ఉన్నాయి. పెరట్లో ఒకటి కొట్టి సూసినాను. రెండో దెబ్బకే నిలువునా చీలింది. వేపకొమ్మ తెచ్చి చెక్కినాను. లోపలికి దిగినట్టే దిగి వంగింది. ఇంకొకటి. అదీ అంతే.

మంచం మీదనుంచి గొంతు వచ్చింది.

"తుమ్మ."

నేను సుత్తి ఆపినాను.

"నల్లతుమ్మ. ఎండింది తీసుకో, పచ్చిది వద్దు. మొన గుండ్రంగా చెక్కొద్దు, దారం లాగితే భూమిలో తిరుగుతాది. నాలుగు పలకలుగా చెక్కు. తల అంచులు కొంచెం కొట్టెయ్, సుత్తి దెబ్బకు చీలదు."

చెప్పి మళ్ళా గోడ తట్టు తిరిగినాడు. పడిన నాటి నుంచి నాతో ఆడిన మొదటి మాట "తుమ్మ". ఇంత మంచి మాట నేను వినలే. కట్టెల అంగడికి పరిగెత్తినాను. చెప్పు తెగినా ఆగలే.

ఫిబ్రవరి 10. ఎమ్మిగనూరు

భీమప్ప జాగాలోనే గుడిసె వేసుకున్నాం. ముగ్గురమూ వచ్చినాం. ఆయన ఈడగూడా గోడ వెతుక్కున్నాడు. గుడిసెకు గోడ లేదు, తడిక ఉండాది. తడిక తట్టు తిరిగి పండుకున్నాడు.

వీధి పొడుగునా గూటాలు కొట్టి పడుగు సాగదీస్తాండారు. పసుపు పచ్చ దారాలు. ఎండ పడితే కాలువ మాదిరి మెరుస్తాండాయి. ఆడోళ్ళు, మొగోళ్ళు అందరూ దానికి ఇరుపక్కలా నడుస్తాండారు. ఈ ఊర్లో దారం పట్టుకున్న ఆడదాన్ని సూసి ఎవురూ నవ్వరు అనుకున్నాను.

ఫిబ్రవరి 11, బుధవారం

నవ్వినారు.

టెంకాయ కొట్టి, గూటాలకు పసుపు కుంకుమ పెట్టి, సుత్తి నా చేతికి ఇచ్చినారు. నాలుగు మూలల్లో నాలుగు గూటాలు దిగ్గొట్టినాను. దారం కట్టి, దారం మీదనే సున్నం పోసినాను. సూసేకి పండగ ముగ్గు మాదిరి ఉండాది. బసన్న ఒక పక్కన కూర్చొని బీడీ తాగతాండాడు. హొళగుంద మనిషి. సగం కన్నడం, సగం తెలుగు. 

మధ్యాహ్నం తవ్వడం మొదలుపెట్టినారు. గడ్డపార పడగానే మూల పెళ్ళ ఊడింది. పెళ్ళతో పాటు గూటమూ పోయింది. ఉండిన తావే అనుకొని మళ్ళా కొట్టినాను. కాసేపటికి ఇంకో గూటం అంతట అదే ఒరిగింది.

అప్పుడు లేచినాడు బసన్న. ఐమూలగా ఈ మూల నుంచి ఎదురు మూలకు, ఇంకో మూల నుంచి దాని ఎదురు మూలకు కొలిచినాడు. ఒకటి ఇంకోదానికంటే జేనెడు పొడుగు.

"తంగీ, నీ ఇల్లు పడుకున్న ఎద్దు మాదిరి ఒక పక్కకు ఒరిగింది. దీని మీద నేను రాయి పెట్టను."

కోపంగా అనలే, చెల్లెలికి చెప్పినట్టు చెప్పినాడు. అదే ఇంకా కష్టమనిపించింది. పలుగులు పక్కన పెట్టేసి అందరూ నీడకు పోయినారు. భీమప్ప పక్కనున్న పాత ఇంట్లోకి పోయినాడు.

గుడిసెలోకి పోయి ఆయన వీపుకు చెప్పినాను. "పోయింది. మూలల్లో గూటాలు కొట్టినాను. అన్నీ పోయినాయి."

వీపు కదిలింది. ఏడుస్తాండాడు అనుకున్నాను. ఇటు తిరిగినాడు. నవ్వుతాండాడు.

"మూలల్లోనే కొట్టినావా?"

"ఊ."

"నేను గూడా మొదటిసారి మూలల్లోనే కొట్టినాను సైదా. మా ఉస్తాద్ ఆ గూటమే పీకి పట్టుకొని నా ఎనకాల పడినాడు. బస్టాండు దాకా తరిమినాడు."

లేచి కూర్చున్నాడు. అత్త పాత ఓణీ చింపి మెడకు చేతిని కట్టింది. ఎండలోకి వచ్చి రాయి మీద కూర్చున్నాడు. గడ్డం పెరిగి ఫకీరు మాదిరి ఉండాడు. ఎడమచేత్తో చూపించినాడు.

"మూలకు కాదు, మూలకు అవతల కొట్టు. రెండు అంగలు ఎడంగా. ఒక్కో మూలకు రెండు గూటాలు. ఈ దారం, ఆ దారం కలిసిన తావే మూల. గుంత తవ్వినా మూల గాలిలో ఉంటాది, దాన్ని ఎవురూ పెరకలేరు."

ఒరిగిన గూటం కాడికి పోయి కాలుతో తట్టినాడు. "ఇది బీటలో కొట్టినావు. నల్లరేగడి బీట నోరు తెరుస్తాదే గానీ గూటాన్ని పట్టుకోదు. గట్టి పెళ్ళ సూసి కొట్టు."

మా గొంతులు వినపడి భీమప్ప బయటికి వచ్చినట్టున్నాడు. వంగి, నేను కొడతాన్న గూటాన్ని చేత్తో వెనక్కు వాల్చినాడు. "మా పడుగుకు ఇట్ల కొడతాం తల్లీ, దారానికి ఎదురు వాలు. నిట్టనిలువుగా కొడితే లాగినకొద్దీ ముందుకు వస్తాది."

ఆయనా, భీమప్పా మొగమొగాలు సూసుకున్నారు. "మేమూ అట్లనే" అన్నాడు ఆయన. ఇద్దరూ దారం గురించి మాట్లాడుకుంటా కూర్చున్నారు. కొట్టేది నేను.

మూడు, నాలుగు, అయిదు అడుగుల కొలతలు పట్టి మూల సరిచేసినాను. పొద్దు వాలేటప్పటికి బసన్న మళ్ళా కొలిచినాడు. ఇటు, అటు. టేపు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"హౌదు, సరిగ్గా ఉండాది. రేపు రాయి తెప్పియ్యి సాబూ."

ఫిబ్రవరి 12

అరచేతుల్లో బొబ్బలు. శానా సంతోషం. ఆ మాట రాసి కొట్టేసినాను. మళ్ళా రాస్తాండాను. శానా సంతోషం.

ఫిబ్రవరి 17

పునాది లేస్తాంది. ఇది ఆయన చెయ్యి బాగయ్యేదాకనే.

ఫిబ్రవరి 20, శుక్రవారం

నమాజు తర్వాత దువా చేసినాను. యా అల్లా, ఆయన చెయ్యి బాగుచెయ్యి. తొందరేమీ లేదు.

రెండో మాట ఏంటికి వచ్చిందో తెలీదు. దేవునికి మన తొందర చెప్పడం మర్యాద కాదు కదా, అందుకు వచ్చింటాది.

ఫిబ్రవరి 23

పునాది అయిపోయి గోడ మొదలయింది. ఇప్పుడు గూటాలతో పని లేదు, సీలలతో పని. రెండు మూలలు ముందు లేపి, రాళ్ళ సందులో సీల గుచ్చి, ఈ కొసనుంచి ఆ కొసకు దారం లాగల్ల. ఆ దారం వెంబడి వరస పోవల్ల. నేను గుండ్రటి మొలలు గుచ్చినాను. లాగితే తిరుగుతాండాయి, పచ్చి మాలు పెచ్చులు ఊడతాంది. బసన్న ఊడిన ప్రతి పెచ్చుకూ "శివా" అంటాండాడు. శివుడికే విసుగొచ్చింటాది.

"పలచగా, బల్లపరుపుగా ఉండల్ల" అన్నాడు ఆయన. "కత్తి మాదిరి. సందులోకి పోవల్ల, సందును పగలగొట్టకూడదు. నావి మంచివి ఉండె. పడిన నాడు యాడ పోయినాయో."

కమ్మరాయన ఊర్లో లేడు. నేను తల పట్టుకొని కూర్చున్నాను.

అత్త పొయ్యి కాడనుంచి లేచి, పెట్టె తెరిచి, గుడ్డలో చుట్టింది తెచ్చి నా ఒళ్ళో పడేసింది. కబాబులు గుచ్చి కాల్చే సీకులు! పుట్టింటి నుంచి తెచ్చుకున్నవి. బల్లపరుపు ఇనుము, ఒక కొస మొన, ఇంకో కొస మెలి. నన్ను ఏనాడూ ముట్టుకోనీలే వాటిని.

"నా కొడుకు పని చెడిపోకూడదని ఇస్తాండా, నీకోసం కాదు" అన్నాది.

గుచ్చినాను. వెన్నలోకి పోయినట్టు పోయింది. మెలికి దారం చుట్టి లాగి, గోటితో మీటినాను. టంగ్ మనింది.

అత్త గుడిసెలోకి పోలే. మూడు వరసలు లేచేదాకా ఆడనే నిలబడి సూసింది. "బక్రీదుకు నావి నాకు కావల్ల" అనింది పోతాపోతా.

ఫిబ్రవరి 26, గురువారం

వాకిలి నిలబెట్టినాం. మామిడాకులు, పసుపు. భీమప్ప తను నేసిన ధోవతి, తువ్వాలు పళ్ళెంలో పెట్టి మేస్త్రీకి ఇచ్చినాడు. అదే ఆచారం. ఆయన ఎడమచేత్తో తీసుకున్నాడు. నేను మాలు కలుపుతాండాను. నాకేం అనిపించలే.

ఫిబ్రవరి 27

నిజంగా ఏమీ అనిపించలే.

మార్చి 4, శివరాత్రి

పని లేదు. బసన్న ఒక్కపొద్దు. ఆయన ఒక్కడే బస్సెక్కి ఆదోనికి పోయి కట్టు చూపించుకొని వచ్చినాడు. కొత్త గుడ్డ చుట్టినారు.

"ఏమన్నాడు ముసలాయప్ప?"

"ఇంకా ఉండల్లంట."

"అయ్యో" అన్నాను. రెండు రొట్టెలు ఎక్కువ తిన్నాను.

మార్చి 11

మగ్గాల ఇల్లు కదా, పొడుగు గోడ. దారం మధ్యలో జారుతాంది. కొసల్లో సరిగ్గా ఉండి నడిమధ్య కడుపు వచ్చినట్టు. నాకు అనుమానం వచ్చింది గానీ బసన్నకు చెప్పేకి భయం. కడాకు చెప్పినాను. ఆయప్ప ఒక కొసన ఒక కన్ను మూసి సూసినాడు.

"హౌదల్లా! నిజమే!" అన్నాడు. నడిమధ్య ఒక రాయి పెట్టి, దాని మీద దారాన్ని ఎత్తి, ఒక చిన్న చెక్కతో పట్టించినాం. ఇప్పుడు మీటితే గోడ పొడుగునా ఒకటే మోత.

ఆ తర్వాత బసన్న తన తాపీ కడిగి, పిడి నా తట్టు తిప్పి పట్టుకున్నాడు.

"దారం వేసేదానివి, రాయి పెట్టలేవా? తూర్పు మూల నువ్వు లేపు తంగీ. నేను మాలు అందిస్తా."

నాకు మాలు అందించినారు. ఇన్నేండ్లు నేను అందించిన మాలు.

మార్చి 12

తూర్పు మూల.

మార్చి 13

తూర్పు మూల. తూకం గుండు వేసి సూసినాను. వెంట్రుకంత గూడా లేదు తేడా.

మార్చి 18

గోడ తలకాయ దాటింది. సారువ కట్టినాం. మొదట ఎక్కేటప్పుడు కట్టెను కరుచుకొని కిందికి సూసినాను. ఆయన కిందనే నిలబడి, "కిందికి సూడొద్దు, దారాన్ని సూడు" అన్నాడు.

మీదనుంచి ఊరంతా కనపడతాంది. పడుగులు ఆరేసిన వీధులు. పత్తి బండ్లు. నీళ్ళకు పోయే ఆడోళ్ళు నిలబడి తలెత్తి సూస్తాండారు. మొదట్లో నవ్వినవాళ్ళే. ఒకామె, "ఓ మేస్త్రమ్మా, మా దొడ్డిగోడ గూడా పడిపోతాంది, సూస్తావా?" అని అరిచింది. మేస్త్రమ్మ!

పాట పాడుకుంటాండానంట. ఆయన చెప్పినాడు. నాకు తెలీదు.

ఆయన చెయ్యి బాగయితే దిగుతాను. దిగేదే కదా.

మార్చి 25, బుధవారం

ఈరోజుది పెద్దగా రాయల్ల.

ఆఖరు వరసలు. నేను సారువ మీద, బసన్న ఇంకో కొసన. సీక పీకేకి పక్కకు వంగినాను. కాలి కింద చెక్క ఒక కొసన లేచింది. ఇంకో కొస జారతాంది. గోడ పట్టుకున్నాను గానీ, పచ్చి మాలులో రాయి, పట్టుకుంటే అదీ నాతోనే వస్తాది.  

చెక్క ఆగింది.

కింద ఆయన. రెండు చేతులూ పైకెత్తి చెక్కను తల మీది ఎత్తున పట్టుకొని నిలబడినాడు. నేనూ, మాలు గంపా, రాళ్ళూ, అంతా ఆ చేతుల మీదనే. మెడలో ఓణీ ఖాళీగా ఊగతాంది. బసన్న పరిగెత్తి వచ్చి కట్టె తాడు బిగించేదాకా వణక్కుండా పట్టుకున్నాడు.

దిగినాను.  బసన్న ఆ కట్టు తట్టు సూసి, "సాబూ, ఆ కుడిచెయ్యి ఎవురిది?" అన్నాడు.

ఆయన చేతులు దించి ఎనక్కు దాచుకున్నాడు. సంచీలో దొంగిలించిన బెల్లంతో దొరికినోని మాదిరి.

"ఎప్పుడు బాగయింది?" అన్నాను.

"శివరాత్రికే కట్టు ఇప్పేస్తానన్నాడు ముసలాయప్ప. నేనే మళ్ళా చుట్టమన్నాను."

"ఏంటికి?"

నేల సూస్తాండాడు. "వాకిలి నిలబెట్టిన నాడు ధోవతి నా చేతిలో పెట్టినారు. దారం నీది, పని నీది, నువ్వు మాలు కలుపుతా తల ఎత్తలే. నేను సూసినాను. నాకు చెయ్యి బాగయిందంటే నువ్వు అప్పుడే తాపీ కడిగి నా చేతికి ఇస్తావు. నాకు తెలుసు. ఒక్క గోడన్నా కింద నుంచి మీది దాకా నీదయితే, ఆ తర్వాత ఎవురు దింపినా నువ్వు దిగవు."

కొట్టినాను. తువ్వాలతో, అందరి ముందర. నవ్వుతా తప్పించుకుంటాండాడు. నేను ఏడుస్తాండాను. కట్టు నేనే ఇప్పినాను. లోపల చెయ్యి తెల్లగా, పలచగా, కొత్తగా ఉండాది. వేళ్ళు మూసి తెరిచి చూపించినాడు. పట్టు ఉండాది. అల్లా, పట్టు ఉండాది.

అత్త వచ్చి ఇద్దర్నీ తిట్టి, ఆ చేతిని తన కొంగుతో తుడిచి, ముద్దు పెట్టుకునింది. "వారం నాటి నుంచి నాకు తెలుసు. మేకపిల్లను ఆ చేత్తోనే ఎత్తినాడు" అనింది. ఆయన అనుకున్నంత దొంగేమీ కాడు.

నా దువా సంగతి నేను చెప్పలే.

మార్చి 26

ఆఖరు వరస. ఒక కొసన ఆయన, ఇంకో కొసన నేను, మధ్యన దారం. ఆయన లాగితే నా తట్టు తెలుస్తాంది. నేను మీటితే ఆయన తట్టు తెలుస్తాంది. ఇద్దరం మాట్లాడుకోలే. మధ్యాహ్నానికి కలుసుకున్నాం.

ఏప్రిల్ 5, ఉగాది

కప్పు పడింది. భీమప్ప ఇంట్లోవాళ్ళు మగ్గాలు లోపల పెట్టినారు. మా ముగ్గురికీ, బసన్నకూ పూర్ణం ఓళిగలు పెట్టినారు. మొదటి మగ్గం ఆడించినారు. తర్వాత రెండోది, మూడోది. ఇల్లంతా అదురుతాంది అనుకుంటే గోడ మాత్రం కదల్లే. నేను బయట వీపు ఆనించి నిలబడినాను. మగ్గం దెబ్బ వీపులోకి వచ్చి గుండెకు తగులుతాంది.

"ఏంటికి నవ్వుతాండావు?" అన్నాడు ఆయన.

"నవ్వలే" అన్నాను.

ఏప్రిల్ 8

గుడిసె విప్పి, తట్టాబుట్టా సర్దుతాంటే తుగ్గలి నుంచి ఒక రైతు వచ్చినాడు. కొత్త ఇల్లు కట్టల్లంట. భీమప్ప ఇంటి గోడ చుట్టూ తిరిగి, ఒక కన్ను మూసి సూసి, అరచేత్తో తడిమి మా కాడికి వచ్చినాడు.

"ఈ పని చేసిన మేస్త్రీ యాడ?"

నేను చాప చుడతాండాను. ఆయన గూటాల మూట బండి మీద పెట్టి, కుడిచేత్తో చెమట తుడుచుకొని అడిగినాడు.

"ఏ మేస్త్రీ కావల్ల అన్నా? ఈడ ఇద్దరుండారు."